ఊరు ముంచే ఖర్చు

ఫిల్ము అంచు ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పరుగెత్తుతోంది. కుడిచేత్తో వెంకటనర్సయ్య చక్రం పిడి తిప్పుతున్నాడు. చూపు కిటికీ వైపు ఉంది గాని దేన్నీ చూడటం లేదు. అంచున చిరుగు ఉంటే వేలికి ముందు తెలుస్తుంది; కంటికి తెలిసేసరికి అరగజం దాటిపోతుంది. వేలు ఆగింది, చక్రం ఆగింది. మూడు రంధ్రాలు కలిసిపోయి చిరిగాయి. ఆ ముక్క కత్తిరించి పారేసి, రెండు కొసలూ బ్లేడుతో గీకి, కుంచెతో మందు రాసి, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కి పట్టాడు. మనసులో పది వరకు లెక్కపెట్టాడు. మాగిన అరటిపండు వాసన గదంతా పరుచుకుంది. చక్రం మళ్ళీ తిరిగింది.

ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉంది ఆ గది. జిల్లాల్లోని టాకీసులకు సినిమాలు అద్దెకు పంపే కంపెనీ వాళ్ళది. వరంగల్ నుంచీ నిజామాబాద్ నుంచీ తిరిగివచ్చిన డబ్బాలన్నీ ముందు నర్సయ్య బల్ల మీదికి చేరతాయి. చిరుగులు వెతికి అతికి, మళ్ళీ చుట్టి, ఇంకో ఊరికి పంపించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన పని అదే. ఇప్పుడు యాభై దాటాయి. సన్నటి మనిషి, మెడ ముందుకు వంగి ఉంటుంది. చెవుల మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎడమ బొటనవేలి మీద నిలువునా గాడి పడి, అక్కడి చర్మం కొమ్ములా గట్టిపడింది. ఫిల్ము నిప్పు తగిలితే గుప్పున లేస్తుంది కాబట్టి బీడీ అలవాటు చేసుకోలేదు. చొక్కా జేబులో లవంగాలు ఉంటాయి.

టాకీసులో కూర్చుని ఆయన చూసిన సినిమాలు తక్కువ. బల్ల మీద చూసినవి కొన్ని వందలు. బల్ల మీద బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. మాట లేకుండా చూసి చూసి ఆయనకొకటి తెలిసింది. కథ నోటితో నడవదు. చేతులతో, తలుపులతో, సగం తాగి పెట్టిన గ్లాసుతో నడుస్తుంది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఏడేళ్ళు కూర్చుని ఒక సినిమా కథ రాశాడు. నూటనలభై కాగితాలు, సూదీదారంతో కుట్టినవి.

ప్రతి సినిమాలోనూ మొదట్లో 'కథ' అని వచ్చి, దాని కింద ఒక పేరు వస్తుంది. నాలుగు సెకన్లు ఉంటుంది. ఫిల్ము మీద కొలిస్తే ఆరడుగులు. ఆ ఆరడుగులు ఆయనకు కావాలి. ఇంకేమీ అక్కరలేదు. ఇది మాత్రం భార్య శంకరమ్మతో ఒకసారి అన్నాడు. "ఆరడుగులంటె గొయ్యి అడుగుతున్నట్టున్నది," అని ఆమె నవ్వింది.

పదింటికి మేనేజరు ప్రహ్లాద్ గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పయ్యేళ్ళవాడు, నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది. నర్సయ్య కాగితాలు ఉస్మాన్‌గంజ్ బెల్లం వ్యాపారి శ్యామ్‌సుందర్ సేఠ్ చేతికి చేరింది ప్రహ్లాద్ చలవతోనే. పోలీసు చర్య తర్వాత హైదరాబాదులో తెలుగు సినిమాలకు గిరాకీ పెరిగింది. సేఠ్‌కు తనూ ఒక సినిమా తీయాలనిపించింది.

"నర్సయ్యన్నా, రీలు ఆపు. సేఠ్ పిలుస్తున్నడు. నాంపల్లి హోటల్ల ఉన్నడు, మద్రాసు రైటరును గాడనే దించిండు. ఇయ్యాల సాయంత్రం బండికి పోతరట."

"గీ పెట్టె ఆఖరు బస్సుకు పోవాలె గదా?"

"నువ్వు సినిమా తీసేటోనివైతున్నవు, ఇంకా పెట్టె పెట్టె అంటవేంది? వచ్చినంక చుట్టుదువు గాని. షేర్వానీ ఏస్కో జర."

షేర్వానీ గోడకు తగిలించే ఉంది. వారం రోజుల క్రితమే శంకరమ్మ దానికి బొత్తాలు కుట్టి పంపింది. మెడ దగ్గర ఒక్కటి మాత్రం వేరే రంగు.

*

హోటలు గది కిటికీలోంచి నాంపల్లి స్టేషను కనిపిస్తుంది. శ్యామ్‌సుందర్ సేఠ్ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. లావుపాటి మనిషి, చేతులు మాత్రం చిన్నపిల్లవాడి చేతుల్లా ఉంటాయి. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాంట్లో మద్రాసు నుంచి వచ్చిన రచయిత ఉన్నాడు. అందరూ పంతులుగారు అంటారు. మాట్లాడనప్పుడు వక్కపలుకు నములుతాడు. ఇద్దరికీ మధ్య స్టూలు మీద నర్సయ్య కాగితాలు ఉన్నాయి.

"కూసో నర్సయ్యా, కూసో. రెండు దినాలు పంతులుగారు చదివిండు, నేను విన్న. మంచిగున్నది. ముసలామె మనసుల పడ్డది," అన్నాడు సేఠ్. "గని నాకు ఒక ముచ్చట చెప్పు. ఊరు ముంచాలంటె ముందుగాల ఊరు కట్టాలె గదా?"

"ఔ సాబ్."

"కట్టి, ముంచాలె. కట్టనీకె ఒక ఖర్చు, ముంచనీకె ఒక ఖర్చు. మునిగినంక ఆ కట్టెలు గూడ పనికిరావు. నేను బెల్లం ఎపారిని. గోదాంలకు నీళ్ళొస్తె ఏమైతదో నాకెర్కే."

నర్సయ్య రాసిన కథలో ఊరు మునుగుతుంది. ఎల్లంకుంట అని మంజీర ఒడ్డున ఉండేది, ఆయన పుట్టిన ఊరు. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయింది. ఊరు నిజం, కథలోని ముసలి నీలవ్వ మాత్రం కల్పన. ఊరంతా బళ్ళెక్కి పోతుంటే దారిబత్తెం కోసం అందరికీ జొన్నపిండి విసిరి ఇస్తూ, తను మాత్రం కదలకుండా ఉండిపోయే మనిషి. అలాంటి మనిషి ఎల్లంకుంటలో లేదు. ఉంటే బాగుండేదని నర్సయ్యకు అనిపించింది, అంతే.

"మద్రాసులో ట్యాంకు ఉందండీ," అన్నాడు పంతులుగారు. "రోజుకింతని అద్దె. అందులో ఒక పడవ పడుతుంది. ఊరు పట్టదు."

"సగం ముంచితె కాదా?" సేఠ్ నిజంగానే అడిగాడు.

నర్సయ్య ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి మీద అటూ ఇటూ కదిలింది. ఏదో రీలు నడుస్తున్నట్టు తల కొంచెం వంచాడు.

"నీళ్ళు సూపియ్యద్దు సాబ్."

"ఆ?"

"ఒక్క సుక్క గూడ సూపియ్యద్దు. నీలవ్వ ఇంట్లనే ఉందం. పొద్దుగాల చీమలు గుడ్లెత్తుకొని గోడెక్కుతయి. ఆమె సూస్తది. పగటీలి ఇసుర్రాయి కింద పిండి తడిసి ఉండలు గడ్తది. ఏలితోటి నలిపి సూస్తది. మాపటికి రాయి సప్పుడు మారుతది. ఎండిన నేల మీద రాయి సప్పుడు ఒక తీరు, తడి నేల మీద ఒక తీరు. ఆమె చెయ్యి ఆగుతది. గంతే. ఊరు మునిగిందని జనానికి వాళ్ళకే ఎర్కైతది."

పంతులుగారి దవడ ఆగిపోయింది. "ఇది కాగితాల్లో లేదే!"

"ఇప్పుడే అనిపించింది సార్."

పంతులుగారు సేఠ్ వైపు తిరిగి, "ఒక గది సెట్టు చాలండీ. ఒక అరుగు. అంతే," అన్నాడు. సేఠ్ చిన్న వేళ్ళ మీద లెక్క వేసుకుని, ఊరిని ముంచకుండానే ముంచినందుకు సంతోషంతో తొడ చరుచుకున్నాడు. "శబాష్! గిట్ల ముందే చెప్తె రెండు దినాలు నిద్ర పోదును గదా!"

నర్సయ్య మొదటిసారి కుర్చీకి వీపు ఆనించాడు.

"ఇగ రెండోది," అన్నాడు సేఠ్. "ఇది ఏ పుస్తకంలది? ఎక్కడన్న నాటకం ఆడిన్రా?"

"లేదు సాబ్. నా సొంతం."

"సొంతమా?"

ఆ మాట అనేటప్పుడు సేఠ్ ముఖంలో కోపం లేదు. సంతలో సరుకు బాగున్నా తక్కెడ లేదని తెలిసినప్పటి ముఖం అది.

"సూడు నర్సయ్యా. బెల్లం దిమ్మె కొనేటోడు ముందుగాల మూలకు గిల్లి నోట్లేస్కుంటడు. పురాణం అనుకో, జనం ఎన్నడో రుచి సూసిండ్రు. పేరున్న నవల అనుకో, చదివినోడు పది మందికి చెప్పిండు. నీ దిమ్మె ఎవరు గిల్లిండ్రు? నాతోటి పైసలు పెట్టెటోళ్ళు ఇంకిద్దరున్నరు. గీ కథ ఇంతకుముందు ఎవరికి ఎర్క అంటరు. ఏం చెప్పాలె నేను?"

"కొత్తవాళ్ళ సొంత కథంటే మద్రాసులోనూ అంతేనండీ," అన్నాడు పంతులుగారు మెల్లిగా. "ఏదైనా ఆధారం ఉంటే..."

సేఠ్ స్టూలు మీది కాగితాలను నర్సయ్య వైపు జరిపాడు. ఎంతో కాదు, బెత్తెడు. నర్సయ్య ఆ బెత్తెడు చూశాడు. తెగినచోట అతకడం తప్ప ఆయనకు వేరే విద్య రాదు.

"పాట ఉన్నది సాబ్," అన్నాడు.

"ఏం పాట?"

"మా దిక్కు ఆడోళ్ళు ఇసురుకుంట పాడ్తరు. నీలవ్వ పాట. దాంట్లకెల్లి తీసుకున్న. మా ఇంటామెకు వస్తది."

సేఠ్ చెయ్యి మళ్ళీ కాగితాల మీదికి వచ్చింది. "మరి సొంతం అంటివేంది! పాట ఉన్నంక ఇంకేం ఫికర్? నాలుగింటికి తోలుకరా. ఇంటం."

*

నాంపల్లి సరాయి వెనక ఆరు కిరాయి కుటుంబాలుండే వాకిలిలో నర్సయ్య వాళ్ళది చివరి గది. ఆయన వచ్చేసరికి శంకరమ్మ రొట్టె తడుతోంది. పెద్ద ఎముకల మనిషి, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. జొన్నపిండి అంటిన అరచేతుల మధ్య రొట్టె తిరుగుతూ పెద్దదవుతోంది. ఆయన చెప్పిందంతా చెయ్యి ఆపకుండా వింది.

"లేని పాట నేనేడికెల్లి తేవాలె?"

"నువ్వు కడ్తవు. మీ అమ్మ పాటల బాణీలు నీకొస్తయి గదా."

"ఏడేండ్ల సంది రాస్తివి. రాసినకాడికి రాత్రుల్ల నాకు చదివి వినిపిస్తివి. నీ పేరు కోసమని రాస్తివి. ఆఖరికి తెచ్చి నా గొంతుల పెడ్తివి. గంత భయమైతె నాదే అని గట్టిగ అనకపోయినవా?"

"అన్న. అంటె కాగితాలు ఎనుకకు జరిపిండు." నర్సయ్య పీట మీద కూర్చున్నాడు. "ఒక్క పూట శంకరీ. వాళ్ళకు నమ్మకం కుదిరి, మాట అయిపోతె సాలు. అటెంక నా పేరు ఎయ్యమంట. పాటకెల్లి కథ రాసినోనికి పేరుండదా?"

ఆమె రొట్టెను పెనం మీద వేసి, తడి చేత్తో పైన రాసింది. ఆయనకు రొట్టె, పుంటికూర పెట్టి, తను తినకుండా అరుగు మీది ఇసుర్రాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చేటలో శేరు జొన్నలు కూడా తెచ్చుకుంది.

"ఉత్త రాయి తిప్పితె మాట రాదు," అంది.

మొదట బాణీ మాత్రం వచ్చింది. పెదవులు మూసుకునే తీసింది. తర్వాత, "ఊఁ, చెప్పు. ఏడికెల్లి మొదలు?" అంది. ఆయన గడప మీద కూర్చుని చెప్పాడు. పొద్దు పొడుస్తుంది, బళ్ళు కడుతుంటారు, నీలవ్వ వాకిట్లో ఇరవై మంది ఆడవాళ్ళు...

"ఇరవై మంది పట్టరు. ఒక్క సుట్టుకు నాలుగు మాటలు. గంతే పడ్తది. చిన్నగ చెయ్యి."

ఆయన చిన్నగా చేశాడు. ఆమె ఇంకా చిన్నగా చేసింది. నాలుగు కాగితాలు పట్టిన పంచాయతీ పోయింది. సర్కారు ఆమీను వచ్చి ఊరు ఖాళీ చేయమని టముకు వేయించడం పోయింది. నీలవ్వ పెనిమిటి గతం పోయింది. అది రాయడానికి ఆయనకు ఒక చలికాలం పట్టింది. "గా మొగని ముచ్చటెందుకు? ముసలామె ఒక్కతే ఉన్నదంటె మొగడు లేడనే గదా," అంది శంకరమ్మ. పిండి రాయి చుట్టూ తెల్లగా పడుతోంది.

పక్కగది కొండమ్మ నీళ్ళ బిందెతో పోతూ ఆగింది. "ఏందక్కా, గింత ఎండల ఇసురుతున్నవు? మీ ఇంటాయన దగ్గర కూసోని కత చెప్తున్నడు. కొత్త పెండ్లా ఏంది?"

"రా, నువ్వో చెయ్యి ఎయ్యి. నోరు గాదు, చెయ్యి."

కొండమ్మ బిందె దించి పిడి పట్టుకుంది. రెండోసారి తిరిగేసరికి పల్లవి ఆమె నోటికి వచ్చేసింది. "మంచిగున్నదక్కా. ఎవలు కట్టిండ్రు?"

"ఈయననే."

కొండమ్మ పడీ పడీ నవ్వింది. "మొగోళ్ళు ఇసుర్రాయి పాట కడ్తరా? మరి రేపటిసంది పిండి గూడ ఆయననే ఇసురుమను!"

నర్సయ్య కూడా నవ్వాడు. మూడున్నరకు శంకరమ్మ లేచి ముఖం కడుక్కుంది.

*

హోటలు గదిలో ఆమె కుర్చీలో కూర్చోలేదు. చాప కూడా వద్దని గచ్చు మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుంది. ఇద్దరు పరాయి మగవాళ్ళ ముందు రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది.

"చేతికి పని లేనిది గొంతు రాదు సాబ్," అని, లేని పిడిని పట్టుకున్నట్టు పిడికిలి బిగించి, గచ్చు మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. గాజులు నేలకు తగిలి చప్పుడయ్యాయి. ఆ చప్పుడు మీద పాట ఎక్కింది.

ఇసురవే నీలవ్వ ఇసురూ
ఇంకొక్క సోలెడూ ఇసురూ
చీమలే గుడ్లెత్తి గోడెక్కె
నువ్వెక్కడెక్కుదువు ఇసురూ

పిండేమొ తడిసెనే ఇసురూ
రాయేమొ మూల్గెనే ఇసురూ
ఊరోళ్ళ బండ్లన్ని ఊరు దాటె
నీ బండి యాడుందె ఇసురూ

ఇక్కడిదాకా నర్సయ్యకు తెలుసు. మధ్యాహ్నం కట్టింది ఇంతే. అయిపోయిందనుకుని సేఠ్ వైపు చూశాడు. శంకరమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. రెండు చుట్లు ఒట్టిగా తిరిగి, మళ్ళీ ఎత్తుకుంది.

పోతె పో నీలవ్వ ఇసురూ
పిడికెడూ ఉంచిపో ఇసురూ
ఒట్టినోరు రాయి ఉండరాదే
చేపలే ఇసురనీ ఇసురూ

నర్సయ్య తల దించుకున్నాడు. నూటనలభై కాగితాల చివర తను ముగింపు కోసం వెతికి వెతికి, దొరక్క, నీలవ్వను గుమ్మంలో నిలబెట్టి వదిలేశాడు. ఆమె ఏం చేస్తూ ఉండిపోయిందో ఇప్పుడు తెలిసింది.

తల ఎత్తేసరికి సేఠ్ ఏడుస్తున్నాడు. చిన్న చేతులతో ముఖం తుడుచుకుంటున్నాడు గాని కన్నీళ్ళు ఆగటం లేదు.

"మా అమ్మ పాడేది," అన్నాడు. "గిదే పాట. రాయి తిప్పుకుంట, నన్ను తొడ మీద ఏస్కోని. నాకు ఎనిమిదేండ్లప్పుడు పోయింది. మల్ల గీ పాట నేను యాడ ఇనలే. యాబై ఏండ్లయింది."

శంకరమ్మ బెదిరి భర్త వైపు చూసింది. తర్వాత కొంగు సర్దుకుని స్పష్టంగా అంది: "ఇది పాతది గాదు సేఠ్ సాబ్. ఇయ్యాల పగటీలి కట్టిన. కత ఈయనది. ఏడేండ్లు రాసిండు. నేను పక్కనే ఉన్న."

సేఠ్ కన్నీళ్ళలోనే నవ్వాడు. "మొగుని మీద ప్రేమతోటి అంటున్నవు తల్లీ. మా అమ్మ పాట నాకు తెల్వదా? అయినా ఇసుర్రాయి పాట ఎక్కడన్న ఒక్కరు కడ్తరా? అది పుడ్తది, గడ్డి లెక్క. చెప్పు నర్సయ్యా, పాతదా, గాదా?"

గదిలో ముగ్గురూ ఆయన వైపు చూశారు. సొంతమంటే అమ్ముడుపోదు. పాతదంటే తనది కాదు. ఎదురుగా ఒక పెద్దమనిషి చనిపోయిన తల్లి గొంతు విని కూర్చున్నాడు. అది నీ తల్లి గొంతు కాదని చెప్పాలి. నర్సయ్య నోరు తెరిచాడు.

"పాతదే సాబ్," అన్నాడు.

శంకరమ్మ పిడికిలి విప్పి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ తర్వాత మాటలన్నీ చకచకా జరిగిపోయాయి. జనం పాట కాబట్టి ఎవరి అనుమతీ అక్కరలేదని పంతులుగారు చెప్పాడు. దాని మీద కొత్తగా రాసుకోవచ్చు. ఈ కాగితాలు దగ్గరుంటే సాయంగా ఉంటాయి. సేఠ్ సంచీలోంచి ఒక చీర తీసి, తల్లికిచ్చినట్టు రెండు చేతులతో శంకరమ్మకిచ్చాడు. కాదనడం మర్యాద కాదు కాబట్టి ఆమె తీసుకుంది.

"సాబ్," అన్నాడు నర్సయ్య, "తెర మీద... పేరు?"

"ఏం పేరు?"

"కథ అని ఏస్తరు గదా. గాడ."

సేఠ్ పంతులుగారి వైపు చూశాడు. పంతులుగారు వక్కపలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు. "సేకరణ అని మీ పేరు వేయొచ్చు గానీ, రేపు ఇంకొకరెవరో వచ్చి మా ఊళ్ళోనూ పాడతారంటే తగాదా అవుతుందండీ. 'తెలంగాణ తల్లుల పాట ఆధారంగా' అని వేద్దాం. గౌరవంగా ఉంటుంది."

"మా అమ్మ పేరు గూడ ఎయ్యను నర్సయ్యా," అన్నాడు సేఠ్, అన్యాయం జరగకూడదన్నట్టు.

మెట్ల దాకా సాగనంపడానికి పంతులుగారు వచ్చాడు. శంకరమ్మ కిందికి దిగాక, నర్సయ్య భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "ఏమండీ నర్సయ్యగారూ, పొద్దున మీకు తోచిన ఆ చీమల సంగతి చాలా బాగుందండీ," అన్నాడు. ఆయనకు అంతా తెలుసని నర్సయ్యకు అర్థమైంది. పంతులుగారు కూడా అది దాచుకోలేదు. లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాడు.

*

స్టేషను రోడ్డు మీద రిక్షాలు బండి వేళకు చేరుతున్నాయి. ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. మామూలుగా ఆమె రెండడుగులు వెనక నడుస్తుంది.

"కోపమొచ్చిందా?" అంది శంకరమ్మ.

"నీ మీదనా?"

"మరి ఎవరి మీద?"

ఆయన కొంచెం దూరం నడిచి, "చేపల ముచ్చట ఎప్పుడు అనుకున్నవు?" అని అడిగాడు.

"అనుకునుడేంది? ఊరు ఇడిసిపోయేటప్పుడు ఇసుర్రాయిని ఒట్టిగ ఎవరన్న ఇడుస్తరా? పిడికెడు గింజలు పెడ్తరు. నీకు తెల్వదా?"

"తెల్వది."

"మా అమ్మ పెట్టింది. మీ అమ్మ గూడ పెట్టి ఉంటది. మీరు బండి కాడ ఉన్నరు కావొచ్చు."

ఆయన తలాడించాడు. వీధి తిరిగే చోట ఆగి, "నువ్వు ఇంటికి పో. గౌలిగూడ బస్సుకు పెట్టె పంపి వస్త," అన్నాడు. ఆమె చీర పొట్లం చంకలో పెట్టుకుని వెళ్ళింది. ఆ సాయంత్రమే దాన్ని కొండమ్మకు ఇచ్చేసింది.

ఆఫీసులో ప్రహ్లాద్ లేచి ఎదురొచ్చాడు. "ఏమైందన్నా? కుదిరిందా?"

"కుదిరింది. తీస్తరట."

"మరి గట్లున్నవేంది? మిఠాయి ఏది?"

"రేపు తెస్త." నర్సయ్య షేర్వానీ విప్పి గోడకు తగిలించాడు. మిగిలిన రెండు రీళ్ళు చుట్టి, డబ్బాల్లో పెట్టి, పెట్టెకు తాళం వేశాడు. ఆఖరు బస్సు అందింది.

*

శ్యామ్‌సుందర్ సేఠ్ ఆ సినిమా తీయలేదు. మద్రాసులో ఎవరో కట్టి వదిలేసిన దర్బారు సెట్టు చౌకగా దొరికిందని, అందరికీ తెలిసిన పురాణం ఒకటి తీసుకుని, దానికి డబ్బు పెట్టాడు. ప్రహ్లాద్ నర్సయ్యను ఇంకో ఇద్దరి దగ్గరికి తీసుకుపోయాడు. "ఆ ఉస్మాన్‌గంజ్ సేఠ్ దగ్గరున్న పల్లెపాట కథ కదా, తెలుసు," అన్నారు వాళ్ళు. కాగితాలు తిరిగి పంపమని నర్సయ్య మద్రాసుకు, పంతులుగారికి మూడు కార్డులు రాశాడు. జవాబు రాలేదు. మద్రాసు నుంచి కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా మొదటి రీలు మొదటి అడుగులు మాత్రం దీపం దగ్గర పెట్టుకుని చూసేవాడని ప్రహ్లాద్ తర్వాత చెప్పాడు.

మరుసటేడు కార్తీకంలో ఒకనాడు పొద్దున్న పళ్ళు తోముకుని వచ్చి, ఎదలో పట్టినట్టుందని పడుకున్నాడు. శంకరమ్మ వాము కాచి తెచ్చేసరికి గోడ వైపు తిరిగి ఉన్నాడు. కొండమ్మ మొగుడు రిక్షా తెచ్చాడు. దవాఖానాలో నాడి చూసి, లోపలికి కూడా తీసుకోలేదు. ఆబిడ్స్ బల్ల దగ్గర వారం తిరగకుండా ఇంకో మనిషి కూర్చున్నాడు.

వాకిట్లో ఆడవాళ్ళు పొద్దున ఇసురుతూ నీలవ్వ పాట పాడతారు. సరాయి అవతలి వాకిళ్ళకూ పోయింది ఆ పాట. కట్టిందెవరో శంకరమ్మ మొదట్లో చెప్పేది. నవ్వుతారని తర్వాత మానేసింది. పిడి పట్టుకుని తనూ పాడుతుంది.

ఆయన రాసిన అక్షరం ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. మంచి ప్రతి ఒకటే ఉండాలని చిత్తు కాగితాలన్నీ ఎప్పటికప్పుడు ఆయనే పొయ్యిలో పెట్టేవాడు. ఆమెకు చదువు రాదు కాబట్టి అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని కొండమ్మ అంటుంది. కిటికీ గూట్లో ఆయన సిరా బుడ్డి ఒకటి ఉండిపోయింది. ఎండిపోకుండా ఆమె వారానికోసారి దాని మూత తీసి రెండు చుక్కల నీళ్ళు పోస్తుంది; అందులో సిరా కన్నా నీళ్ళే ఎక్కువై, ఇప్పుడది కడిగిన ఆకాశం రంగులో ఉంది.